పాస్‌వర్డ్ మార్చినా ఆగని దొంగతనం: ఒక స్టీమ్ ఖాతాను వెనక్కి తెచ్చుకున్న వరస

కంప్యూటర్ ఆటలు కొని ఆడుకునే స్టీమ్‌లో మన ఖాతా మీద అనుమానం రాగానే చేయి ముందు పాస్‌వర్డ్ మార్చడానికే పోతుంది. అనంతపురం జేఎన్‌టీయూ హాస్టల్లో ఉండే మా అక్క కొడుకూ అదే చేశాడు. బుధవారం రాత్రి అనుమానం లింకు నొక్కాడు, పది నిమిషాల్లో పాస్‌వర్డ్ మార్చాడు, గండం గడిచిందనుకున్నాడు. శుక్రవారం రాత్రి కౌంటర్ స్ట్రైక్ 2 ఆటలో వాడి ఇన్వెంటరీలో, అంటే ఆట వస్తువుల పెట్టెలో ఉన్న ఒక నైఫ్, ఒక జత గ్లోవ్స్, రెండు ఏకే స్కిన్లు (తుపాకీకి వేసే అలంకరణలు) పోయాయి. శనివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు.

"పాస్‌వర్డ్ మార్చినా మామా, అయినా పోయినాయి. మా ఫ్రెండు ట్రేడ్ పంపినాడు. అది క్యాన్సిల్ అయి, వాని పేరుతోనే ఇంగోటి వచ్చింది. నేను చూసుకోల్యా, కన్ఫర్మ్ కొట్టేసినా."

ట్రేడ్ అంటే ఆటగాళ్ళు ఒకరికొకరు ఆట వస్తువులు ఇచ్చిపుచ్చుకోవడం. జరిగిందేమిటో ఆ మాటల్లోనే ఉంది. పాస్‌వర్డ్ మార్చడం తప్పు కాదు, అది చాలదు. దొంగ పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చి, పాస్‌వర్డ్ అవసరం లేని ఇంకో తాళంచెవి చేయించుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు మేము చేసిన పనులన్నీ, వాటి కారణాలతో సహా రాస్తున్నాను. వీటిలో వరస ముఖ్యం. వెనకది ముందు చేస్తే, చేసిన పని దండగ అవుతుంది.

ముందు ఆ లింకు సంగతి. పాత స్నేహితుడి ఖాతా నుంచి మెసేజ్ వచ్చింది: మా టీమ్ టోర్నమెంట్‌లో ఉంది, ఒక్క ఓటు వెయ్యి అని. ఆ స్నేహితుడి ఖాతా అప్పటికే దొంగ చేతిలో ఉంది. పేజీ తెరిస్తే టీముల జాబితా, ఓట్ల లెక్క, కింద 'స్టీమ్‌తో లాగిన్' బటన్. బటన్ నొక్కితే చిన్న కిటికీ లేచింది. దానిపైన చిరునామా గడిలో అసలు స్టీమ్ కమ్యూనిటీ చిరునామా, తాళం గుర్తు, అంతా సరిగ్గానే ఉంది. అది కిటికీ కాదు, పేజీలో గీసిన బొమ్మ. చిరునామా గడి కూడా బొమ్మే. బ్రౌజర్‌లో బ్రౌజర్ అని ఈ పద్ధతికి పేరు. 2022 నుంచి స్టీమ్ ఆటగాళ్ళ మీద దీన్ని బాగా వాడుతున్నారు.

కంప్యూటర్ మీద దీన్ని పట్టుకోవడం తేలిక. ఆ చిన్న కిటికీని మౌస్‌తో పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించి లాగాలి. నిజమైనది బయటికి వస్తుంది, డెస్క్‌టాప్ మీద ఎక్కడికైనా పోతుంది. గీసినది అంచు దగ్గర ఆగిపోతుంది, లేదా కత్తిరించినట్టు సగం మాయమవుతుంది. కింద టాస్క్‌బార్‌లో దానికి వేరే కిటికీ కనబడదు. ఫోన్‌లో ఈ పరీక్ష చేయలేం కాబట్టి, ఫోన్‌కు వచ్చిన లింకు ద్వారా స్టీమ్‌లోకి లాగిన్ అవ్వకూడదు.

దీనికన్నా గట్టి పరీక్ష ఒకటుంది. నేను ఎవరికైనా ముందు ఇదే నేర్పిస్తాను. వేరే ట్యాబ్‌లో స్టీమ్ కమ్యూనిటీ చిరునామాను మన చేత్తో టైప్ చేసి, ముందే లాగిన్ అయి ఉండాలి. అప్పుడు ఏ నిజమైన బయటి సైటులో 'స్టీమ్‌తో లాగిన్' నొక్కినా, స్టీమ్ మన పేరు, మన బొమ్మ చూపించి 'సైన్ ఇన్' అనే ఒక్క బటన్ ఇస్తుంది. పాస్‌వర్డ్ అడగదు. లాగిన్ అయి ఉన్నా మళ్ళీ పాస్‌వర్డ్ అడిగిందంటే అది స్టీమ్ కాదని ఖాయం చేసుకోవచ్చు. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే యాప్, పాస్‌వర్డ్ మేనేజర్ కూడా ఇదే పని చేస్తుంది. దాచిన సైటు పేరు, తెరిచిన సైటు పేరు అక్షరం తేడా లేకుండా కలిస్తేనే అది తనంతట తాను నింపుతుంది. నింపలేదంటే దాన్ని తిట్టుకుంటూ చేత్తో కాపీ చేసి అతికించకూడదు. అది నింపకపోవడమే హెచ్చరిక.

చిరునామాను కంటితో చదివి తేల్చుకోవడం మీద నాకు నమ్మకం తక్కువ. స్టీమ్ కమ్యూనిటీ పేరులో ఇంగ్లీషు ఎమ్ అక్షరం మూడుసార్లు వస్తుంది. ఒక ఎమ్ బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే చిన్న తెర మీద ఎవరికీ తేడా తెలియదు. తాళం గుర్తు ఉంది కదా అనే మాట కూడా పనికిరాదు. ఆ గుర్తు మనకూ సైటుకూ మధ్య మాటలు ఇంకొకరు వినలేరని చెబుతుంది, అంతవరకే. అవతల ఉన్నది ఎవరో చెప్పదు. దొంగ సైటుకు కూడా ఆ గుర్తు తెచ్చే సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది.

మా వాడు ఆ బొమ్మ కిటికీలో పేరు, పాస్‌వర్డ్ కొట్టాడు. పాస్‌వర్డ్ తర్వాత రెండో తాళమైన స్టీమ్ గార్డ్ కోడ్ అడిగితే ఫోన్‌లో చూసి అదీ కొట్టాడు. 5 అక్షరాల ఆ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది కదా, దొంగకు ఏం పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. అవతల మనిషి కూర్చుని లేడు. ప్రోగ్రామ్ ఉంది. అది మనం కొట్టిన మరుక్షణం అసలు స్టీమ్‌లో అదే కోడ్ కొట్టి లోపలికి పోతుంది. తర్వాత ఫోన్‌లో ఇంకో కన్ఫర్మేషన్ వచ్చింది. లాగిన్ సరిగ్గా కాలేదేమోనని, చదవకుండా అదీ ఒప్పుకున్నాడు. ఆ రెండోది లాగిన్‌కు సంబంధించింది కాదు. ఏపీఐ కీ, అంటే మొదట చెప్పిన ఆ ఇంకో తాళంచెవి, తయారు చేయడానికి అడిగిన అనుమతి.

ఇప్పుడు మేము చేసిన పనులు.

ల్యాప్‌టాప్ తెరవనివ్వలేదు. ఏ యంత్రం శుభ్రంగా ఉందో తేల్చుకోకుండా కొత్త పాస్‌వర్డ్ పెడితే, అదీ దొంగకే చేరే ప్రమాదం ఉంది. వాడి ఫోన్ తీసుకుని సెట్టింగుల్లో 'తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్' అనుమతి ఏ యాప్‌లకు ఉందో చూశాం. టెలిగ్రామ్‌కు, వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు ఆ అనుమతి ఇచ్చి ఉంటే ప్లే స్టోర్ బయటి యాప్ ఫైళ్ళు (ఏపీకే) ఎక్కించారని అనుమానించాలి. తర్వాత యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఏ యాప్ ఉందో చూడాలి. ఆ అనుమతి ఉన్న దొంగ యాప్ తెర మీది అక్షరాలు చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. రెండు చోట్లా ఏమీ లేదు. ప్లే ప్రొటెక్ట్ స్కాన్ కూడా చేయించి, మిగతా పనంతా ఆ ఫోన్ మీదే చేశాం. నా ఫోన్‌లో చేస్తే ఇంకా భద్రం కదా అనిపించవచ్చు. కానీ అలవాటు లేని ఫోన్ నుంచి లాగిన్ అయితే గూగుల్ అనుమానించి ఆపేస్తుంది. ఎప్పుడూ వాడే ఫోన్, ఎప్పుడూ ఉండే ఊరు, రికవరీకి అవే సాయపడతాయి.

మొదట మెయిల్. స్టీమ్ పాస్‌వర్డ్ మర్చిపోయానంటే కోడ్ వచ్చేది మెయిల్‌కే కాబట్టి, మెయిల్ దొంగ చేతిలో ఉంటే స్టీమ్ ఎన్నిసార్లు కడిగినా అంతే. గూగుల్ ఖాతాలో 'సెక్యూరిటీ' విభాగం తెరిచి, లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా చూశాం. హాస్టల్ సీనియర్ పాత ఫోన్ ఒకటి, తపోవనంలో ఒక నెట్ సెంటర్ కంప్యూటర్ ఒకటి ఇంకా అందులో ఉన్నాయి. అవి దొంగవి కాకపోయినా తీసేశాం. పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధృవీకరణ పెట్టి, బ్యాకప్ కోడ్‌లు తీసుకున్నాం. అవి 10 వస్తాయి, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారికే పనిచేస్తుంది. కాగితం మీద రాశాం. స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో ఉంచితే అదే ఫోన్ పోయినప్పుడు కోడ్‌లూ దానితోనే పోతాయి.

రికవరీ నంబరు చూస్తే ఇంటర్ చదివినప్పటి సిమ్. రీచార్జి ఆపేసి ఏడాదిన్నర. ఇది చాలా పెద్ద కన్నం, ఎవరూ పట్టించుకోరు. వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ రద్దు చేసి, కొన్నాళ్ళకు ఇంకొకరికి ఇస్తుంది. అప్పుడు మన కోడ్‌లు ఎవరో తెలియని మనిషి ఫోన్‌కు పోతాయి. వెంటనే వాళ్ళమ్మ నంబరు పెట్టించాను. ఆమె 12 ఏళ్ళుగా ఆ నంబరు మార్చలేదు.

జీమెయిల్‌లో ఇంకో రెండు చోట్లు చూడాలి: ఫిల్టర్లు, ఫార్వర్డింగ్. దొంగ మెయిల్‌లోకి దూరితే, స్టీమ్ నుంచి వచ్చే ప్రతి ఉత్తరం నేరుగా ట్రాష్‌కు పోయేలా ఒక ఫిల్టర్ పెడతాడు. మనకు ఒక్క హెచ్చరిక కూడా కనబడదు. ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో ఈ ఫిల్టర్లు కనిపించవు. క్రోమ్‌లో 'డెస్క్‌టాప్ సైట్' పెట్టుకుని జీమెయిల్ తెరిస్తేనే కనిపిస్తాయి. వాడి మెయిల్‌లో అలాంటిదేమీ లేదు. దొంగ మెయిల్ దాకా రాలేదని అక్కడ తేలింది.

రెండోది స్టీమ్ సెషన్లు, అంటే ఇంకా లాగిన్ అయి ఉన్న చోట్లు. ఫోన్ బ్రౌజర్‌లో స్టీమ్ స్టోర్ చిరునామా చేత్తో టైప్ చేసి, ఖాతా వివరాల్లో అనుమతి ఉన్న పరికరాల పేజీకి వెళ్ళాం. అక్కడ ప్రతి పరికరం, చివరగా వాడిన సమయం, దాదాపు ఏ ప్రాంతమో ఉంటాయి. ఇక్కడ మనవాళ్ళు ఒక పొరపాటు పడతారు. అనంతపురంలో కూర్చుని వాడితే అనంతపురం అనే రావాలని లేదు. మన నెట్ బెంగళూరు మీదుగానో హైదరాబాదు మీదుగానో చెన్నై మీదుగానో పోతే ఆ ఊరి పేరే కనిపిస్తుంది. దానికి భయపడక్కర్లేదు, వేరే దేశం కనిపిస్తే భయపడాలి. ఏది మనది, ఏది కాదని ఒక్కొక్కటి తూకం వేయకుండా, అన్ని పరికరాల నుంచీ ఒకేసారి బయటికి పంపే బటన్ నొక్కాం. ఆ తర్వాత మళ్ళీ కొత్త పాస్‌వర్డ్. బుధవారం పెట్టింది అనుమానం ఉన్న ల్యాప్‌టాప్ మీద పెట్టాడు కాబట్టి అది చెల్లదు.

పాస్‌వర్డ్‌ను మేనేజర్ చేతే పుట్టించాం, 20 అక్షరాలు. బిట్‌వార్డెన్ ఉచితంగానే దొరుకుతుంది. మేనేజర్‌కు పెట్టే ఒక్క పెద్ద పాస్‌వర్డ్‌ను మాత్రం గుర్తుపెట్టుకోవాలి. దానికి ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాసుకోమన్నాను. సొంత పేరు, పుట్టిన సంవత్సరం, అభిమాన హీరో పేరు, ఇవి వద్దు.

మూడోది ఏపీఐ కీ. అసలు కథ ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. స్టీమ్‌లో ప్రోగ్రామర్ల కోసం వెబ్ ఏపీఐ కీ అనే సౌకర్యం ఉంది. స్టీమ్ కమ్యూనిటీ చిరునామా తర్వాత 'డెవ్', ఆ తర్వాత 'ఏపీఐకీ' అని కొడితే ఆ పేజీ వస్తుంది. ఎప్పుడూ కీ చేయించుకోని వాళ్ళకు అక్కడ ఖాళీ దరఖాస్తు కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకుండా మూసేస్తే చాలు. వాడికి మాత్రం 32 అక్షరాల కీ కనిపించింది. తేదీ చూసుకోవాల్సిన అవసరం కూడా లేదు, వాడు జన్మలో ఆ పేజీ తెరవలేదు.

ఆ కీ ఉన్నవాడు ఖాతాకు వచ్చే ట్రేడ్ ఆఫర్లను బయటి నుంచే చూడగలడు, రద్దు కూడా చేయగలడు. ఐటమ్స్‌ను నేరుగా లాక్కోలేడు, అందుకు మన ఫోన్‌లో కన్ఫర్మ్ కావాలి. అందుకే కాచుకుని కూర్చుంటాడు. శుక్రవారం రాత్రి నిజమైన స్నేహితుడు ఆఫర్ పంపాడు. ప్రోగ్రామ్ దాన్ని క్షణాల్లో రద్దు చేసింది. అప్పటికే ఇంకో ఖాతాకు ఆ స్నేహితుడి పేరు, బొమ్మ పెట్టేసుకుంది, అచ్చం అలాంటి ఆఫరే పంపింది. ఆ పక్క నుంచి రావాల్సిన ఐటమ్స్ గడి ఖాళీ. స్నేహితుడు అప్పుగా తీసుకుని, మ్యాచ్ ఆడి వెనక్కిస్తాడనే ట్రేడ్ కాబట్టి ఖాళీ గడి చూసి వీడికి అనుమానం రాలేదు.

ఆ పేజీలో కీ రద్దు చేసే బటన్ ఉంటుంది. నొక్కాం. పేజీ మళ్ళీ తెరిచి ఖాళీ దరఖాస్తు కనబడుతోందని చూసుకున్నాం. తర్వాత ట్రేడ్ ఆఫర్ల పేజీలో 'నాకు ఎవరు ఆఫర్ పంపవచ్చు' అనే చోట ట్రేడ్ లింకును, అంటే మనకు ఆఫర్ పంపడానికి ఇతరులు వాడే చిరునామాను, కొత్తగా పుట్టించాం. పాత లింకు అక్కడితో చచ్చింది. వాడు దాన్ని డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో మూడు సర్వర్లలో, ప్రొఫైల్ వివరణలో కూడా పెట్టుకున్నాడు.

ఇంతవరకు అయ్యాకే పోయిన వాటి జోలికి వెళ్ళాం. వాడికి ఆత్రంగా ఉంది. "ముందు వెనక్కి తీసుకుందాం మామా, వాడు అమ్మేస్తాడేమో" అని మూడుసార్లు అన్నాడు. అమ్మలేడు. 2025 జులైలో స్టీమ్ సొంతదారు వాల్వ్ కంపెనీ కౌంటర్ స్ట్రైక్ 2 కోసం ట్రేడ్ రక్షణ తెచ్చింది. ట్రేడ్‌లో చేతులు మారిన ఐటమ్‌ను 7 రోజుల దాకా కొత్తవాడు ఇంకొకరికి ఇవ్వలేడు, అమ్మలేడు, దాని రూపం మార్చలేడు. ఆ 7 రోజుల్లో ఇచ్చినవాడు ట్రేడ్‌ను వెనక్కి తిప్పవచ్చు. అప్పటికి పోయి ఒక రాత్రే అయింది. తలుపు మూయకుండా సామాను లోపలికి తెచ్చుకోవడంలో అర్థం లేదు.

వెనక్కి తిప్పే ముందు తెలుసుకోవాల్సినవి రెండు. మనకు నచ్చిన ఒక్క ట్రేడ్‌ను ఏరుకుని తిప్పే వీలు లేదు. గడిచిన 7 రోజుల్లో రక్షణ కింద ఉన్న ట్రేడ్‌లన్నీ ఒకేసారి తిరుగుతాయి. సోమవారం వాడు హాస్టల్లో పక్క గది స్నేహితుడితో నిజాయితీగా చేసుకున్న ట్రేడ్ ఒకటి ఉంది. అదీ తిరుగుతుంది. ముందే ఫోన్ చేసి చెప్పించాను, లేకపోతే ఆ పిల్లవాడు వీడినే దొంగ అనుకుంటాడు. రెండోది, తిప్పిన తర్వాత 30 రోజులు ఈ ఖాతాకు ట్రేడ్, మార్కెట్ రెండూ మూసేస్తారు. వీడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు కానీ, నా దృష్టిలో అది మంచి ఏర్పాటు. ఎక్కడైనా కన్నం మిగిలిపోయినా ఆ నెల రోజులు ఐటమ్స్ బయటికి పోలేవు.

ట్రేడ్ చరిత్ర పేజీలోకి పోయి తిప్పేశాం. నాలుగూ వెనక్కి వచ్చాయి. 7 రోజులు దాటి ఉంటే ఈ దారి లేదు. ట్రేడ్‌లోనో మార్కెట్‌లోనో ఖాతా దాటిపోయిన ఐటమ్స్‌ను తిరిగి ఇవ్వబోమని స్టీమ్ సపోర్ట్ విధానంలోనే ఉంది. ఎంత బతిమాలినా, ఎన్ని స్క్రీన్‌షాట్లు పెట్టినా అదే జవాబు. స్టీమ్ వాలెట్‌లో డబ్బుంటే దానికి వేరే దారిలో చిల్లు పెడతారు. లోపలికి వచ్చిన దొంగ తన పనికిరాని వస్తువును మార్కెట్‌లో పెద్ద ధరకు పెట్టి, మన వాలెట్‌తో కొనిపిస్తాడు. అందుకే వాలెట్‌లో డబ్బు నిల్వ ఉంచొద్దనీ, దాచిన కార్డు వివరాలు తీసేయమనీ చెబుతాను. కొనేటప్పుడు యూపీఐతో కొనుక్కుంటే సరిపోతుంది.

తిప్పడానికి ముందే సాక్ష్యాలు పక్కన పెట్టాం. దొంగ ప్రొఫైల్ పేరు, బొమ్మ ఎన్నిసార్లైనా మారతాయి. 17 అంకెల స్టీమ్ ఐడీ నంబరు మాత్రం మారదు. అది 7656119తో మొదలవుతుంది. ఆ నంబరు, చాట్, ట్రేడ్ చరిత్ర పేజీ, లింకు చిరునామా, అన్నిటినీ తేదీ సమయం కనబడేలా పీడీఎఫ్‌గా దాచుకోవాలి. చాలామంది కోపంలో ముందు చాట్ డిలీట్ చేసి బ్లాక్ కొట్టేస్తారు. తర్వాత ఫిర్యాదు చేద్దామంటే చేతిలో ఏమీ ఉండదు. బ్యాంకు నుంచో యూపీఐ నుంచో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం అంత ఉంటుంది. ఐటమ్స్, ఖాతా పోయినప్పుడు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయవచ్చు. పాస్‌వర్డ్ దొంగిలించి వాడుకోవడం ఐటీ చట్టం 66సీ కింద, వేరొకరి వేషంలో మోసం 66డీ కింద నేరం. రెండింటికీ 3 ఏళ్ళ దాకా జైలు ఉంది. 'ఆట వస్తువులకు కేసేంది' అని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఈ సెక్షన్లు గుర్తుచేయండి.

ఇక ల్యాప్‌టాప్. ఏపీఐ కీ దొరికింది కాబట్టి దొంగ వచ్చిన దారి తెలిసింది, ల్యాప్‌టాప్‌లో ఏమీ ఉండదులే అని వదిలేయొచ్చు. నేను వదలలేదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో 'ఎఫ్‌పీఎస్ బూస్ట్' పేరుతో ఒక జిప్ ఫైలు ఉంది, తెరవడానికి పాస్‌వర్డ్ 1234 అని పక్కనే టెక్స్ట్ ఫైలు. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేది మనకు భద్రత కోసం కాదు. యాంటీవైరస్ లోపలికి చూడకుండా ఉండటానికి. దాన్ని నడిపేటప్పుడు యాంటీవైరస్ ఆపమని కూడా రాసి ఉంది. వాడు ఆపాడు.

ఇలాంటి ఫైళ్ళలో ఉండేవి సాధారణంగా సమాచారం దోచే ప్రోగ్రాములు. లుమ్మా అనేది వాటిలో పేరుమోసింది. 2025 మేలో మైక్రోసాఫ్ట్, అమెరికా న్యాయశాఖ, యూరోపోల్ కలిసి దానికి చెందిన దాదాపు 2,300 డొమైన్లను దెబ్బతీశాయి. ఈ జాతి ప్రోగ్రాములు పాస్‌వర్డ్‌లతో పాటు బ్రౌజర్‌లోని కుకీలను ఎత్తుకుపోతాయి. కుకీ అంటే 'ఇతను ఇప్పటికే లాగిన్ అయ్యాడు' అనే చీటీ. ఆ చీటీ చేతిలో ఉంటే పాస్‌వర్డూ అడగరు, 5 అక్షరాల కోడూ అడగరు. అన్ని పరికరాల నుంచి బయటికి పంపే బటన్ నొక్కడం అందుకే తప్పనిసరి. ఆ బటన్‌తో పాత చీటీలన్నీ చెల్లకుండా పోతాయి.

విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఒకసారి నడిపాం. కంప్యూటర్ రీస్టార్ట్ అయి ఒక పావుగంట పడుతుంది. ఏదో ఒకటి పట్టుకుంది, తీసేసింది. పట్టుకున్నది తీసేసింది సరే, పట్టుకోనిది ఉందో లేదో ఎలా తెలుస్తుంది? యాంటీవైరస్ ఆపి మరీ నడిపిన ఫైలు ఉన్న కంప్యూటర్‌ను స్కాన్‌తో నమ్మను. విండోస్ పూర్తిగా మళ్ళీ ఎక్కించాల్సిందే. రికార్డు పుస్తకాల ఫొటోలు, పీడీఎఫ్‌లు, ప్రాజెక్ట్ కోడ్ మాత్రం పెన్‌డ్రైవ్‌కు తీశాం. సెటప్ ఫైళ్ళు, జిప్‌లు, గేమ్ ఫోల్డర్లు ఒక్కటీ తీయలేదు. రీసెట్‌లో 'అన్నీ తొలగించు', ఆ తర్వాత 'క్లౌడ్ డౌన్‌లోడ్' ఎంచుకున్నాం. దీనికి 4 జీబీ పైన డేటా ఖర్చవుతుంది, హాట్‌స్పాట్ మీద ఆధారపడే హాస్టల్ పిల్లలు ముందే లెక్క చూసుకోవాలి. చార్జర్ పెట్టే ఉంచాలి. మధ్యలో ఆగితే కంప్యూటర్ ఎటూ కాకుండా పోతుంది. ఆ తర్వాత క్రోమ్‌లో లాగిన్ కాగానే పాత ఎక్స్‌టెన్షన్లు సింక్ ద్వారా మళ్ళీ వచ్చేస్తాయి. వాటిలో స్కిన్ల ధరలు చూపించే ఒకటి ఎవరు చేశారో తెలియనిది ఉంది. తీసేయించాను.

స్టీమ్ గార్డ్ ఫోన్‌లో ఉండనే ఉంది, కానీ దాని రికవరీ కోడ్ వాడి దగ్గర లేదు. ఆర్ అక్షరంతో మొదలయ్యే ఆ కోడ్ ఫోన్ పోయినప్పుడు ఆ ఫోన్‌తో కట్టిన స్టీమ్ గార్డ్‌ను ఖాతా నుంచి తీసేయడానికి పనికొస్తుంది. యాప్‌లో చూసి కాగితం మీద రాసి, పదో తరగతి మార్కుల మెమో ఉండే ఫైల్‌లో పెట్టాం. ఇన్వెంటరీ గోప్యతను 'స్నేహితులకు మాత్రమే' చేశాం. దొంగలు ఎవరి దగ్గర ఖరీదైనవి ఉన్నాయో వెతికేది బహిరంగ ఇన్వెంటరీల్లోనే.

వచ్చే మెసేజ్‌ల్లో ఓటు ఒక్కటే కాదు. 'పొరపాటున నీ ఖాతా మీద రిపోర్ట్ కొట్టాను, డిస్కార్డ్‌లో ఈ అడ్మిన్‌తో మాట్లాడు, లేకపోతే బ్యాన్ అవుతుంది' అనేది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది భయపెడుతుంది. వాల్వ్ ఉద్యోగులెవరూ డిస్కార్డ్‌లోగానీ స్టీమ్ చాట్‌లోగానీ ఖాతాల గురించి మాట్లాడరు. ఐటమ్స్‌ను 'చెక్ చేయడానికి' ఇంకొకరికి పంపమని ఎవరూ అడగరు. క్యూఆర్ కోడ్ కూడా అంతే. దొంగ పేజీలో కనిపించే క్యూఆర్ నిజమైన స్టీమ్‌దే అయి ఉంటుంది, దొంగ కంప్యూటర్ కోసం పుట్టినది. మన ఫోన్‌తో స్కాన్ చేసి ఒప్పుకుంటే లాగిన్ అయ్యేది వాడు.

వీడి తమ్ముడు ధర్మవరంలో తొమ్మిదో తరగతి, బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే ఫోన్ ఆటలు ఆడతాడు. వాడి ఫోన్ కూడా ఆ రోజే చూశాను. ఆ ఆటలకు వేరే పాస్‌వర్డ్ ఉండదు. ఫేస్‌బుక్, గూగుల్, ఎక్స్, వీటిలో దేనితో కలిపారో ఆ ఖాతాయే తాళం. కాబట్టి దానికి రెండంచెల ధృవీకరణ పెట్టడమే ఆటకు కాపలా. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో గెస్ట్‌గా ఆడుతుంటే ముందు దేనికైనా కలిపేయాలి, యాప్ డేటా చెరిగితే గెస్ట్ ఖాతా పోతుంది. ఉచిత యూసీ, ఉచిత డైమండ్లు (ఆ ఆటల్లో చెల్లే డబ్బు), ఎమ్416 గ్లేసియర్ స్పిన్ (తుపాకీ స్కిన్ లాటరీ) అంటూ వచ్చే పేజీలన్నీ ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ కోసం వేసిన గాలాలు. యూసీ కొనడానికి ప్లేయర్ ఐడీ నంబరు చాలు. టాప్‌అప్ చేసిపెడతానంటూ పాస్‌వర్డ్ అడిగేవాడు టాప్‌అప్ చేయడానికి రాలేదు. ఐడీలు, అంటే ఇంకొకరి ఆట ఖాతాలు, కొనడం వద్దే వద్దు. అమ్మినవాడు తన పాత మెయిల్, పాత నంబరు చూపించి రెండు నెలల తర్వాత వెనక్కి లాక్కుంటాడు, మనకు అడిగే హక్కు ఉండదు.

రోబ్లాక్స్ ఆడే చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఒక మాట: 'ఈ ముక్క కాపీ చేసి పంపు, రోబక్స్ వస్తాయి' అని ఎవరైనా అంటే వాళ్ళు అడుగుతున్నది లాగిన్ కుకీని. దీన్ని ఎవరికీ ఇవ్వొద్దని ఆ కుకీ మొదట్లోనే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. పిల్లలు చదవరు, పెద్దలైనా చూపించి చదివించాలి.

ఎనిమిదో రోజు వాడు హాస్టల్ నుంచే ఏపీఐ కీ పేజీ, పరికరాల పేజీ మళ్ళీ తెరిచి ఫొటోలు పంపాడు. కీ లేదు, పరికరాలు రెండే. 30 రోజులు గడిచాక మొదటి ట్రేడ్ ఖరీదైన దానితో వద్దని, ఒక చవక స్టిక్కర్‌తో చేయించాను. ఆఫర్ రాగానే అవతలి స్నేహితుడికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. పేరు, బొమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు. స్టీమ్ లెవెల్, స్టీమ్‌లో చేరిన తేదీ, మనతో ఎప్పటి నుంచి స్నేహం, ఇవన్నీ ఒకేసారి నకలు చేయడం కుదరదు.

"నీ లెవెల్ ఎంతరా?"

"పద్నాలుగు. చేరింది 2019."

తెర మీద అదే ఉంది. స్టిక్కర్ పేరు కూడా చదివించుకుని, అప్పుడు కన్ఫర్మ్ నొక్కాడు.